ఫోన్లో డాక్టరు, పక్కన ఎవరు? కరోనా రోజుల్లో టెలిమెడిసిన్ ఎవరికి అందింది

చిత్తూరు జిల్లా తవణంపల్లె మండలంలో అరగొండ అనే ఊరుంది. అపోలో ఆసుపత్రుల వ్యవస్థాపకుడు ప్రతాప్ సి. రెడ్డి సొంతూరు. 2000 మార్చి 24న, అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ హైదరాబాద్ వచ్చిన రోజున, ఆయన చేతుల మీదుగా ఆ ఊరి టెలిమెడిసిన్ కేంద్రం మొదలైంది. పల్లెలో కూర్చున్న రోగిని ఎక్కడో నగరంలో ఉన్న స్పెషలిస్టు తెర మీద చూసి సలహా చెప్పడం అప్పటికి మన దేశంలో పెద్ద వింత.

సరిగ్గా ఇరవై ఏళ్లకు, 2020లో అదే మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రధాని టీవీలో మాట్లాడి, ఆ అర్ధరాత్రి నుంచే దేశమంతా లాక్‌డౌన్ అని ప్రకటించారు. మర్నాడు, మార్చి 25న, డాక్టర్లు దూరం నుంచి వైద్యం ఎలా చేయాలో చెప్పే మార్గదర్శకాలు వెలువడ్డాయి.

ఈ రెండు తేదీల మధ్య మన చేతుల్లోకి స్మార్ట్‌ఫోన్ వచ్చింది, 4జీ వచ్చింది, పాలవాడికి కూడా ఫోన్లోనే డబ్బులిచ్చే రోజులొచ్చాయి. ఫోన్లో డాక్టరుకు చూపించుకోవడం మాత్రం అలవాటు కాలేదు. కరోనా వచ్చాక కొందరికి వారం రోజుల్లో అలవాటైంది. కొందరికి ఆ రెండేళ్లలో ఒక్కసారి కూడా అందలేదు. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? భయం ఒక కారణమే. బస్సుల్లేకపోవడం ఇంకో కారణం. కానీ ఆ భయమూ ఆ లాక్‌డౌనూ అందరికీ ఒకటే కదా. అందరూ ఒకేలా ఎందుకు వాడుకోలేకపోయారు అన్నదే నన్ను ఇన్నేళ్లుగా వదలని ప్రశ్న.

నాకు ఈ విషయం మా పెద్దమ్మ వల్ల దగ్గరగా తెలిసింది. ఆవిడ ఉండేది ప్రకాశం జిల్లాలో ఒక చిన్న ఊరు. అరవై ఎనిమిదేళ్లు, పదేళ్లుగా బీపీ, షుగరు. ప్రతి మూడు నెలలకు ఒంగోలు వెళ్లి డాక్టరుకు చూపించుకునేది. 2020 ఏప్రిల్లో కాళ్లు వాచాయి. హైదరాబాద్‌లో ఇరుక్కుపోయిన నేను, ఆ డాక్టరు గారి కాంపౌండర్‌ని బతిమాలి వాట్సాప్ వీడియోకాల్‌కి టైము తీసుకున్నాను.

పెద్దమ్మ ఆ రోజు తలంటు పోసుకుని, పెళ్లికి కట్టుకునే చీర కట్టుకుని కూర్చుంది. ఫోన్ పట్టుకున్నది ఆవిడ మనవరాలు, ఇంటర్ చదువుతున్న పిల్ల. నేను కూడా అదే కాల్లో ఉన్నాను. డాక్టరు గారు తెర మీదకు రాగానే పెద్దమ్మ లేచి నిలబడి దణ్ణం పెట్టింది. ఆవిడ తల పైకి పోయి, ఫోన్లో మాకు చీర కుచ్చిళ్లు మాత్రమే కనిపించాయి.

"కూర్చోండమ్మా, కూర్చోండి. ఆయాసం వస్తోందా? రాత్రి పడుకున్నప్పుడు ఊపిరి ఆడుతోందా? దిండ్లు ఎన్ని వేసుకుంటున్నారు?"

"ఒకటే డాక్టరు బాబూ, ఎప్పుడూ వేసుకునేదే."

తర్వాత ఆయన మనవరాలితో మాట్లాడారు. "అమ్మా, నువ్వు ఫోన్ గోడకి ఆనించు. నాయనమ్మ కాలి ముందు ఎముక మీద, చీలమండకి నాలుగు వేళ్ల పైన, బొటనవేలితో గట్టిగా నొక్కి పది లెక్కపెట్టు. ఇప్పుడు తియ్యి. గుంట పడిందా?"

"పడింది సార్."

"వెంటనే పూడుకుందా, అలాగే ఉందా?"

ఆ పిల్ల మొహం కాలికి దగ్గరగా పెట్టి చూసింది. "మెల్లగా పూడుతోంది సార్."

రెండో కాలు కూడా అలాగే నొక్కించారు. బీపీ మిషన్ ఊళ్లో ఏఎన్ఎం (ఊరి ఆరోగ్య నర్సు) దగ్గరుంటే తెప్పించి చూపించమన్నారు. వాడుతున్న బీపీ మాత్ర వల్ల కొందరికి కాళ్లు వాస్తాయని చెప్పి, అది మార్చి, వారంలో మళ్లీ కాల్ చేయమన్నారు. మొత్తం పదకొండు నిమిషాలు. ఆయన చూపు ఒంగోలులో ఉంది, ఆయన బొటనవేలు మాత్రం ఆ పిల్లది.

కాల్ అయ్యాక పెద్దమ్మ అడిగిన మొదటి మాట: "చూశాడా మరి? చెయ్యన్నా పట్టుకోలేదే."

ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోలేను. మన భాషలో మంచి డాక్టరుకు ఇచ్చే అతి పెద్ద కితాబు 'ఆయన హస్తవాసి మంచిది' అని. వైద్యం అంటే చెయ్యి. నాడి పట్టాలి, పొట్ట మీద వేలు పెట్టి తట్టాలి, వీపు మీద స్టెతస్కోపు చల్లగా తగలాలి. అప్పుడే 'చూశాడు' అన్న తృప్తి. ఫోన్లో చూపు, మాట వస్తాయి, చెయ్యి రాదు. దీన్ని మూఢనమ్మకం అని కొట్టేస్తే పొరపాటు. ఊపిరితిత్తుల్లో గరగర వినాలన్నా, అపెండిసైటిస్ అనుమానం తేల్చాలన్నా నిజంగానే చెయ్యి కావాలి. రోగి అడిగేదీ వైద్యశాస్త్రం అడిగేదీ ఇక్కడ ఒకటే.

ఇంకో చిక్కు ఉంది. మన ఊళ్లలో ఫోన్ వైద్యానికి పోటీ కార్పొరేట్ ఆసుపత్రి కాదు. ఆర్ఎంపీ. డిగ్రీ లేకపోయినా ఆయన అర్ధరాత్రి తలుపు కొడితే వస్తాడు, సూది వేస్తాడు, నీరసంగా ఉందంటే సెలైన్ ఎక్కిస్తాడు, డబ్బులు పంట వచ్చాక ఇచ్చినా ఊరుకుంటాడు. 'సూది పడితే గానీ తగ్గదు' అనుకునేవారికి ఫోన్లో 'ఈ మాత్ర మూడు రోజులు వేసుకోండి' అనే డాక్టరు చప్పగా కనిపిస్తాడు. విచిత్రం ఏమిటంటే, 2020 మార్గదర్శకాల్లో దూరవైద్యం చేయడానికి అర్హత ఉన్నది 'ఆర్ఎంపీ'కే అని ఉంటుంది. అక్కడ దాని అర్థం రాష్ట్ర లేదా జాతీయ వైద్య రిజిస్టరులో పేరున్న డాక్టరు అని. అవే మూడు అక్షరాలు మన పల్లెల్లో దానికి పూర్తిగా వ్యతిరేకమైన అర్థంలో వాడుకలో ఉన్నాయి.

ఇక డాక్టర్ల వైపు నుంచి చూద్దాం. ఇరవై ఏళ్లు ఆలస్యం కావడానికి రోగుల కంటే వాళ్ల భయమే పెద్ద కారణం అని నా అభిప్రాయం. ఫోన్లో మందు చెప్పడం తప్పా ఒప్పా అన్నది 2020 దాకా స్పష్టంగా రాసి లేదు. 2018లో మహారాష్ట్రలోని రత్నగిరిలో ప్రసవం తర్వాత ఒక మహిళ చనిపోయింది. డాక్టర్లు ఆసుపత్రిలో లేకుండా ఫోన్లోనే సిబ్బందికి మందులు చెప్పారన్నది ఆరోపణ. బాంబే హైకోర్టు ఆ డాక్టర్లకు ముందస్తు బెయిలు నిరాకరించింది. ఆ కేసులో అసలు సమస్య చూసే డాక్టరు లేకుండా రోగిని వదిలేయడం. కానీ దేశంలోని డాక్టర్లకు అది 'ఫోన్లో మందు చెబితే జైలే' అన్నట్టు వినిపించింది. తెలిసినవాళ్లు ఫోన్ చేస్తే మందు పేరు చెప్పడం అందరూ చేస్తూనే ఉన్నారు, కాగితం మీద పెట్టడానికి మాత్రం ఎవరూ ముందుకు రాలేదు.

2020 మార్చి 25 నాటి పత్రం ఆ భయాన్ని చాలా వరకు తీసింది. భారత వైద్య మండలి స్థానంలో అప్పుడున్న పాలక మండలి, నీతి ఆయోగ్‌తో కలిసి దాన్ని తయారు చేసింది. వీడియో, ఆడియో, మెసేజ్ మూడూ చెల్లుతాయంది. రోగి తనంతట తాను కాల్ చేస్తే సమ్మతి ఇచ్చినట్టే. మందుల్ని జాబితాలుగా విడదీసింది. పారాసిటమాల్, ఓఆర్ఎస్ లాంటివి ఏ పద్ధతిలో మాట్లాడినా రాయొచ్చు. కొన్ని మందులు మొదటిసారి చూసే రోగికి వీడియోలో చూస్తేనే రాయాలి. ఎప్పటి నుంచో వాడుతున్న బీపీ, షుగరు మందుల్ని మళ్లీ రాయొచ్చు. అంతకుముందు నేరుగా చూసిన రోగికైతే, అదే జబ్బుకు కొత్త మందు కలపొచ్చు. మత్తు కలిగించే మందుల్లాంటివి ఫోన్లో అసలు రాయకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, 'ఇది ఫోన్లో తేలేది కాదు, రండి' అని చెప్పే నిర్ణయం డాక్టరు చేతిలో పెట్టింది. మా పెద్దమ్మ డాక్టరు ఆ రోజు ధైర్యంగా మందు మార్చగలిగింది ఈ పత్రం వల్లే. ఆవిడను ఆయన జనవరిలో నేరుగా చూశారు. ఆరు నెలల లోపు అదే జబ్బుకు మళ్లీ మాట్లాడితే అది కొనసాగింపు కింద లెక్క.

నియమం మారితే ఎంత మారుతుందో అమెరికా లెక్క చెబుతుంది. అక్కడ వృద్ధులకు ప్రభుత్వమిచ్చే మెడికేర్ బీమా, కరోనాకు ముందు దూరవైద్యానికి చాలా పరిమితంగా డబ్బు చెల్లించేది. 2020 మార్చిలో ఆ ఆంక్షల్ని సడలించారు. 2019లో సుమారు 8.4 లక్షలున్న టెలిహెల్త్ సంప్రదింపులు 2020లో 5.27 కోట్లయ్యాయి. ఆ ముసలివాళ్లు అంతకుముందూ అదే ఫోన్లు వాడారు. మన దగ్గర కూడా 2020 జూన్‌లో బీమా నియంత్రణ సంస్థ, టెలిమెడిసిన్ ఖర్చుల్ని పాలసీ నిబంధనల ప్రకారం అనుమతించాలని బీమా కంపెనీలకు చెప్పింది. కాకపోతే మన పాలసీలు ఎక్కువ భాగం ఆసుపత్రిలో చేరితేనే పనికొచ్చేవి. ఓపీ ఖర్చు జేబులోంచే. అందుకే ఆ నిర్ణయం మామూలు ఇంటికి పెద్దగా తగల్లేదు.

డబ్బు గురించి అనుకుంటున్నాం కాబట్టి ఒక మాట. ఫోన్లో మాట్లాడినందుకు ఫీజు ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ మనకు ఇబ్బందే. 'మాటేగా చెప్పాడు' అని రోగి అనుకుంటాడు. తెలిసినవాళ్ల దగ్గర అడగడానికి డాక్టరు మొహమాటపడతాడు. రాత్రి పదకొండుకు రిపోర్టుల ఫొటోలు పంపి 'సార్ ఒకసారి చూడండి' అనే మెసేజ్‌లతో ఆ రోజుల్లో డాక్టర్లు ఎంత నలిగిపోయారో మా స్నేహితుల్లో ఇద్దరు ముగ్గురిని చూసి నాకు తెలుసు. యాప్‌లలో దీనికి విరుద్ధం. ముందు డబ్బు కడితే గానీ డాక్టరు మొహం కనిపించదు. నేనే ఒక యాప్‌లో డబ్బు కట్టి మా పెద్దమ్మకు చర్మం దురదకు అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. అటువైపు డాక్టరు మంచివాడే, కానీ హిందీలో అడుగుతున్నాడు. నేను మధ్యలో కూర్చుని తెలుగులోకి మార్చాను. 'చీదర చీదరగా ఉంది', 'ఒళ్లంతా సలుపు' అని పెద్దమ్మ చెప్పేదాన్ని నేను ఏ భాషలోకి మార్చను? మూడింట రెండొంతుల బాధ నా దగ్గరే ఆగిపోయింది. రెండోసారి ఆవిడ ఆ యాప్ పేరెత్తనివ్వలేదు.

కొత్త టెక్నాలజీని జనం ఎందుకు ఒప్పుకుంటారు అన్న దాని మీద పరిశోధకులు 1989 నుంచి వాడుతున్న ఒక నమూనా ఉంది. ఫ్రెడ్ డేవిస్ ప్రతిపాదించాడు. ఇది నాకు పనికొస్తుందా, ఇది వాడటం నాకు తేలికా అని మనిషి రెండు ప్రశ్నలు వేసుకుంటాడంటుంది ఆ నమూనా. 2003లో విశ్వనాథ్ వెంకటేశ్ బృందం దానికి ఇంకొన్ని కలిపింది. నా చుట్టూ ఉన్నవాళ్లు ఏమంటున్నారు, వాడటానికి కావలసిన సదుపాయాలు నాకున్నాయా అన్నవి అందులో ముఖ్యం. కరోనా టెలిమెడిసిన్ మీద వచ్చిన సర్వేల్లో కొన్ని ఈ చట్రంలోనే ప్రశ్నలు అడిగాయి. చట్రం మంచిదే. కానీ అది 'వాడేవాడు' ఒక్కడే అనుకుంటుంది. మా ఇంట్లో వాడింది ఎవరు? పెద్దమ్మా, మనవరాలా, హైదరాబాద్‌లో ఉన్న నేనా, బీపీ మిషన్ మోసుకొచ్చిన ఏఎన్ఎం అమ్మా? నలుగురం కలిస్తే ఒక కాల్ అయింది. నలుగురిలో ఏ ఒక్కరు లేకపోయినా అయ్యేది కాదు.

ఈ మాటను అంకెలతో సరిచూడొచ్చు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత మన రెండు రాష్ట్రాల్లో కరోనాకు కొద్ది నెలల ముందే జరిగింది. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామని చెప్పిన మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. మగవాళ్లలో అదే లెక్క 48.8, 57.4. ఆంధ్రప్రదేశ్‌లో తాము సొంతంగా వాడుకునే ఫోన్ ఉన్న మహిళలు సగం కంటే తక్కువ. ఈ లెక్క చూస్తే టెలిమెడిసిన్ మగవాళ్ల సేవగా మిగిలిపోవాలి.

కానీ కేంద్ర ప్రభుత్వ సేవ ఈ-సంజీవని లెక్కల్లో సేవ పొందినవారిలో 57 శాతానికి పైగా మహిళలే. ఎలా సాధ్యమైంది?

ఈ-సంజీవనిలో రెండు దారులున్నాయి. మొహాలీలోని సీ-డాక్ అనే కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ దీన్ని తయారు చేసింది. ఒక దారి ఇంటి నుంచి నేరుగా డాక్టరుకు. ఇది 2020 ఏప్రిల్ 13న మొదలైంది. ఫోన్ నంబరు ఇవ్వాలి, ఓటీపీ కొట్టాలి, టోకెన్ తీసుకోవాలి, వరుసలో ఆగాలి, తర్వాత డాక్టరు, చివరికి తెర మీద మందుల చీటీ. రెండో దారి అంతకుముందే, 2019 నవంబరులో మొదలైంది. దాన్ని మొట్టమొదట అమలు చేసింది ఆంధ్రప్రదేశ్. ఇందులో రోగి తన ఊరి ఆరోగ్య కేంద్రానికి నడిచి వెళ్తుంది. అక్కడున్న ఆరోగ్య సిబ్బంది బీపీ, షుగరు చూసి, వివరాలు ఎక్కించి, దూరంగా ఉన్న డాక్టరుకు కాల్ కలుపుతారు. రోగి చేతిలో ఫోన్ ఉండక్కర్లేదు. ఇంటర్నెట్ తెలియక్కర్లేదు.

2023 ఫిబ్రవరి నాటికి ఈ-సంజీవని 10 కోట్ల సంప్రదింపులు దాటింది. అందులో చాలా పెద్ద భాగం ఈ రెండో దారిలో వచ్చిందే. దానికి రెండు నెలల ముందు, మొత్తం 8 కోట్లున్నప్పుడు, ఆంధ్రప్రదేశ్ ఒక్కదాని వాటా దాదాపు 2.8 కోట్లు, దేశంలోనే మొదటి స్థానం. మహిళల్లో అయిదుగురిలో ఒక్కరే ఇంటర్నెట్ వాడిన రాష్ట్రం టెలిమెడిసిన్‌లో మొదటిది అయ్యిందంటే, దానికి కారణం యాప్ కాదు. పక్కన కూర్చుని కాల్ కలిపిన నర్సమ్మ.

ఈ అంకెల్ని చూసి మురిసిపోవడానికి మాత్రం నేను సిద్ధంగా లేను. సంప్రదింపు అంటే కాల్ కలిసిందని అర్థం. రోగం తగ్గిందని కాదు. రోజుకు ఇన్ని కాల్స్ చేయాలని పై నుంచి ఒత్తిడి ఉంటే, పారాసిటమాల్ ఇచ్చి పంపాల్సిన జ్వరం కూడా ఒక కాల్‌గా మారుతుంది. ఎన్ని కాల్స్ తర్వాత రోగి మళ్లీ వచ్చింది, ఎంతమందికి బీపీ అదుపులోకి వచ్చింది అన్న లెక్క కూడా పక్కనే వేస్తేనే ఈ కోట్లకు విలువ.

ఇంటి నుంచి చేసుకునే దారి ఎందుకు అంతగా పారలేదో కూడా చూడాలి. నాకు కనిపించిన పెద్ద కారణం ఓటీపీ. అయిదారేళ్లుగా బ్యాంకులు, పోలీసులు, టీవీలు ఒకటే పాట పాడాయి: ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. మా పెద్దమ్మ ఆ మాట వేదంలా పట్టుకుంది. వైద్యం కోసం 'ఫోన్‌కి ఒక నంబరు వస్తుంది, అది కొట్టాలి' అనగానే ఆవిడ ఫోన్ తిరగేసి ఒళ్లో పెట్టుకుంది. ఆవిడ చేసింది తప్పా? నేర్పినదాన్నే పాటించింది.

ఇక్కడే ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏప్రిల్ 13న మొదలైన 14410 నంబరు నాకు తెలివైన పనిగా తోస్తుంది. మిస్డ్ కాల్ ఇస్తే చాలు. అటు నుంచే ఫోన్ చేసి పేరు, ఊరు, బాధ రాసుకుంటారు. తర్వాత డాక్టరు మాట్లాడతారు. మందులు పీహెచ్‌సీ ద్వారా ఇంటికి చేర్చే ఏర్పాటు పెట్టారు. మిస్డ్ కాల్ మన జనానికి పుట్టుకతో వచ్చిన విద్య. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, బ్యాలెన్స్ కూడా అక్కర్లేదు. అంతకంటే ముందు, 2007 నుంచే ఉమ్మడి రాష్ట్రంలో 104కు ఫోన్ చేసి ఆరోగ్య సలహా అడిగే అలవాటు కొందరికైనా ఉంది. దాని మీదే కరోనా కాల్ సెంటర్ నిలబడింది. అలవాటైన వస్తువు మీద కట్టినది తొందరగా అంటుకుంటుంది.

ఆడవాళ్ల విషయంలో ఇంకో అడ్డంకి ఏ సర్వే ప్రశ్నకూ సరిగా చిక్కదు. ఇంట్లో ఒకటే స్మార్ట్‌ఫోన్, అది భర్తదో కొడుకుదో. లాక్‌డౌన్‌లో అందరూ ఇంట్లోనే. ఒక గది, లేదా గదికి తలుపు బదులు తెర. తెల్లబట్ట అవుతోందనో, నెలసరి ఆగట్లేదనో, గర్భం వద్దనుకుంటున్నాననో ఆ ఫోన్లో ఎలా చెబుతుంది? ఆసుపత్రికి వెళ్లడం అంటే ఆ బస్సు ప్రయాణం, ఆ బయటి బెంచీ, లోపలికి ఒంటరిగా పిలిచే ఆ పది నిమిషాలు. ఆడదానికి అవి దొరికిన ఏకాంతం. టెలిమెడిసిన్ ఆసుపత్రిని ఇంటికి తెచ్చింది గానీ ఆ ఏకాంతాన్ని తీసేసింది. ఫోన్ ఎవరి చేతిలో ఉందన్నది వైద్యం ఎవరికి అందుతుందో తేల్చడమే కాదు, ఏ జబ్బుకు అందుతుందో కూడా తేల్చింది.

సిగ్నల్ గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు, అందరికీ తెలిసిందే. పాడేరు, చింతపల్లి వైపు కొండ ఊళ్లలో ఫోన్ మాట్లాడాలంటే గుట్ట ఎక్కాలి. గర్భిణిని డోలీలో మోసుకొచ్చే చోట వీడియోకాల్ అనేది మాటగా కూడా పనికిరాదు.

చీటీ సంగతి మాత్రం చెప్పాలి. ఆ రోజు డాక్టరు గారు తెల్లకాగితం మీద రాసి, సంతకం పెట్టి, ఫొటో తీసి పంపారు. అలా పంపిన చీటీ చెల్లుతుందని మార్గదర్శకాల్లో ఉంది. పైగా మార్చి 26నే మందుల్ని ఇంటికి చేర్చి అమ్మడానికి కేంద్రం అనుమతిచ్చింది. మనవరాలు ఆ ఫొటో తీసుకుని పక్క ఊరి మందుల షాపుకు పోయింది. షాపాయన ఫొటోను పెద్దది చేసి, చిన్నది చేసి, పక్కకు తిప్పి చూశాడు. మిల్లీగ్రాముల అంకె దగ్గర ఫొటో మసకగా ఉంది. రెండున్నరా, ఇరవై అయిదా? "చీటీ ఏదమ్మా, అసలుది?" అన్నాడు. చివరికి చీటీ మీదున్న నంబరుకు ఫోన్ చేసి, డాక్టరు నోట విని, తన పెన్నుతో మందు డబ్బా మీద రాసిచ్చాడు. ఆ షాపాయన జాగ్రత్తకు నేను ఇవాళ్టికీ రుణపడి ఉన్నాను. విసుక్కుని ఏదో ఒకటి ఇచ్చి పంపే వీలుంది. టెలిమెడిసిన్ డాక్టరు మొహం కనిపించడంతో అయిపోదు, సరైన మాత్ర చేతిలో పడేదాకా ఉంటుంది. అందుకే ఆ ఏర్పాటులో మందుల షాపాయన కూడా భాగమే. ఆయనకు మాత్రం ఎవరూ శిక్షణ ఇవ్వలేదు.

2021 ఏప్రిల్, మే నెలల్లో కథ పూర్తిగా మారిపోయింది. మొదటి విడతలో ఫోన్ చేసింది బీపీ, షుగరు, గుండె జబ్బులవాళ్లు. రెండో విడతలో ఫోన్ చేసింది కరోనా సోకి ఇంట్లో పడుకున్నవాళ్లు. మాటల్లో వేలికి పెట్టే ఆక్సీమీటరు వచ్చి చేరింది. 'తొంభై నాలుగు కంటే తగ్గితే చెప్పండి' అన్న వాక్యం ప్రతి ఇంట్లో వినిపించింది. బోర్లా పడుకోమనడం, ఆరు నిమిషాలు నడిచి మళ్లీ చూసుకోమనడం, స్టెరాయిడ్లు తొందరపడి మొదలెట్టొద్దనడం ఇవన్నీ ఫోన్లో చెప్పగలిగినవే, చెప్పి ఎందరినో కాపాడారు. అమెరికాలో ఉన్న తెలుగు డాక్టర్లు కూడా నిద్ర మానుకుని తమ ఊళ్లవాళ్లతో వాట్సాప్‌లో మాట్లాడారు. ఇక్కడి రిజిస్టరులో పేరు లేనివాళ్లు మందు రాయకూడదు కాబట్టి, చాలామంది ధైర్యం చెప్పి, ఇక్కడి డాక్టరు చెప్పింది సరేనా కాదా అని వివరించారు. ఆ రోజుల్లో ధైర్యం కూడా మందే.

కానీ ఆక్సీమీటరు 86 చూపించినప్పుడు ఫోన్లో డాక్టరు చెప్పగలిగింది ఒకటే: వెంటనే ఆసుపత్రిలో చేర్చండి. ఎక్కడ? ఆ ప్రశ్నకు ఫోన్లో జవాబు లేదు. వెనకాల మంచం, ఆక్సిజన్, అంబులెన్సు ఉన్నప్పుడే ముందున్న కాల్‌కు అర్థం. అవి లేని రోజున ఎంత మంచి డాక్టరు మాట్లాడినా, ఆ ఇంట్లో జనానికి మిగిలింది 'ఫోన్ వైద్యం పనికిరాదు' అన్న మాటే. వాళ్లను నేను తప్పు పట్టను.

తర్వాత బస్సులు తిరిగాయి, ఓపీలు నిండాయి. చాలామంది మళ్లీ క్యూలో నిలబడి చూపించుకోవడానికే వెళ్లారు. ఫోన్ వైద్యం మిగిలింది కొన్ని చోట్ల. ఒకటి, ఎప్పటి నుంచో తెలిసిన డాక్టరుతో మందులు కొనసాగించడానికి. రెండు, మానసిక సమస్యలకు. అక్కడ చెయ్యి కంటే మాటే ముఖ్యం, పైగా ఎవరూ చూడకుండా మాట్లాడొచ్చు. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ అనే ఫోన్ సేవ, నంబరు 14416, ఈ అవసరం మీదే పుట్టింది. ఇంకొకటి, రోగి పక్కన నేర్చుకున్న మనిషి ఉన్న ఏర్పాట్లు. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి కరోనాకు చాలా ముందు నుంచే పల్లెల్లో విజన్ సెంటర్లు నడుపుతోంది. అక్కడ శిక్షణ పొందిన టెక్నీషియన్ కంటిని పరీక్షించి, అవసరమైతే దూరంలో ఉన్న డాక్టరుకు చూపిస్తారు. రోగికి అది టెలిమెడిసిన్ అన్న పేరే తెలియక్కర్లేదు. కళ్లు చూపించుకోవడానికి వచ్చింది, చూశారు, అంతే.

ఇంకో విషయం నాకు చాలా అర్థవంతంగా అనిపిస్తుంది. కోట్ల టెలి సంప్రదింపులతో దేశంలో ముందున్న ఆంధ్రప్రదేశ్, 2023 ఏప్రిల్ 6న ఫ్యామిలీ డాక్టర్ కార్యక్రమం మొదలుపెట్టింది. డాక్టరు 104 వాహనంలో నెలకు రెండుసార్లు ఊళ్లోకే రావడం దాని ఉద్దేశం. అన్ని కాల్స్ చేసిన రాష్ట్రానికి కూడా, డాక్టరు మొహం ఊళ్లో కనిపించాల్సిన అవసరం తీరలేదు. ఆ మొహం ఒకసారి పరిచయమైతే, మిగతా రోజుల్లో ఫోన్లో ఆ గొంతు నమ్మకంగా వినిపిస్తుంది.

మా పెద్దమ్మ కాళ్ల వాపు ఆ మందు మార్చిన రెండు వారాల్లో తగ్గింది. ఆ ఏడు ఆగస్టులో అరికాలి కింద పొక్కు వచ్చింది. ఫోన్లో చూపిస్తే డాక్టరు గారు అర నిమిషం కూడా చూడలేదు. "షుగరు కాలు, ఇది ఫోన్లో చూసేది కాదు, రేపే తీసుకురండి" అన్నారు. ఆటో మాట్లాడి తీసుకెళ్లారు, మానింది. అప్పటి నుంచి ఆవిడకు ఆయన ఫోన్ వైద్యం మీద గురి కుదిరింది. రమ్మని చెప్పడం తెలిసిన డాక్టరు కాబట్టి.

మనవరాలు ఇప్పుడు విజయవాడలో నర్సింగ్ చదువుతోంది. ఇంట్లో ఫోన్ గోడకు ఆనించి పెట్టేవాళ్లు లేరు. కిందటి సంక్రాంతికి నేను ఊరెళ్లినప్పుడు పెద్దమ్మతో కలిసి ఊరి క్లినిక్‌కు వెళ్లాను. అక్కడి నర్సమ్మ ముందు ట్యాబ్ ఉంది. ఆమె దాన్ని ముట్టుకోలేదు. పెద్దమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, మణికట్టు పట్టుకుని, గోడ గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టింది. వంగి కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కి చూసింది. "ఏం తిన్నావు పెద్దమ్మా పొద్దున?" అని అడిగింది. ఆ తర్వాతే కాల్ కలిపింది.